నాలుగు శాతం టీచరు గారు

మా పైఇంటి టీచరు గారు మంగళవారం పొద్దున పోయారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నాకింకా ఏడుపైనా రాలేదు, ఈలోపే మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో అధ్యక్షుడి మెసేజ్ వచ్చిపడింది: "మన కమ్యూనిటీ గర్వించదగ్గ నాయకురాలు. తీరని లోటు." దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మనుషులే ఆవిడ బతికుండగా వెనకాల ఏమని పిలిచేవారో నేను మర్చిపోలేదు. "ఫోర్ పర్సెంట్ ఆంటీ."

ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో మేం కింద, ఆవిడ పైన. తెనాలి నుంచి ఎప్పుడో వచ్చి, అమెరికా పౌరసత్వం తీసుకుని, ప్రభుత్వ హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పేవారు. మాట్లాడుతుంటే వేళ్ళ మధ్య సుద్దముక్క ఉన్నట్టే ఉండేది. నేను వరంగల్ నుంచి మా ఆయన వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చి, పని చేసే వీల్లేక ఇంట్లో కూర్చుంటే, "బుర్ర బూజు పడుతుంది అమ్మాయ్, డ్రైవింగ్ నేర్చుకో" అని తన కార్‌లోనే నేర్పించారు. అక్కర్లేని చోట బ్రేక్ తొక్కినా "శభాష్" అనేవారు.

ఒకరోజు ఆవిడ ల్యాబ్‌లో ఒక పిల్ల ఊపిరాడక కూలబడింది. ఆస్తమా. ఇన్‌హేలర్ ఏదే అంటే తమ్ముడి దగ్గరుందట. వాళ్ళ నాన్న ఉద్యోగంతో పాటు ఇన్సూరెన్స్ కూడా పోయింది, ఇద్దరు పిల్లలకీ అదొక్కటే. టీచరు గారు మా డిస్ట్రిక్ట్ నుంచి కాంగ్రెస్‌కి, అంటే ఇక్కడి పార్లమెంటుకి, ఎన్నికైన సభ్యుడి ఆఫీస్‌కి వెళ్ళారు. అక్కడి ఉద్యోగి నవ్వుతూ ఒక బ్రోషర్ చేతిలో పెట్టి పంపేశాడు. తిరిగొచ్చి మా మెట్ల మీద కూలబడి, "ఈ సీటుకి నేనే నిలబడతాను" అన్నారు. జోక్ అనుకున్నాను. వారం తిరక్కుండా, పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ ఎన్నికలో, సొంత పార్టీవాడే అయిన ఆ సభ్యుడి మీదే పోటీకి దిగారు. నాకు ఓటు లేదు కానీ డ్రైవింగ్ వచ్చు కదా. ఆవిడ ఓట్ల కోసం ఇంటింటి తలుపులు కొట్టేవారు, నేను కారు నడిపేదాన్ని.

ఆ రోజుల్లో ఎన్నికల ఫలితాల మీద షేర్లు కొని అమ్మే వెబ్‌సైట్ ఒకటుండేది. ఎవరి మీద జనం ఎక్కువ డబ్బు పెడితే వాళ్ళ ధర పెరిగేది. ఆ ధరే వాళ్ళు గెలిచే ఛాన్స్ అని చెప్పుకునేవారు. టీచరు గారి ధర వందకి నాలుగు దగ్గర ఉంది. ఉగాది ఫంక్షన్‌లో ఆవిడ చేత మాట్లాడిస్తామన్న మా అధ్యక్షుడు ఐసెలిన్‌లో ఓ రెస్టారెంట్‌కి పిలిచి, నా ముందే చెప్పాడు.

"టీచర్ గారూ, ఏమనుకోకండి. ఆన్‌లైన్‌లో మీ ఛాన్స్ నాలుగు శాతమే చూపిస్తోంది. మీకు స్టేజ్ ఇస్తే, రేపు ఆయన గెలిచాక ఏ మొహం పెట్టుకుని వెళ్తాం?"

"నేనెందుకు నిలబడ్డానో అడిగావా నాయనా?"

"అది కాదండీ, డేటా..."

"నాలుగు మార్కులొచ్చినవాణ్ణి నేను ముందు బెంచీలో కూర్చోబెట్టి పాఠం చెప్తాను. నువ్వు గుమ్మంలోనే ఆపేస్తున్నావే!"

అతను బిల్లు తెమ్మని వెయిటర్‌కి సైగ చేశాడు.

అక్కడితో ఆగలేదు. లోకల్ పేపరు ఆ ధరనే అచ్చేసింది. అది చూసి, అభ్యర్థులందరినీ కూర్చోబెట్టే సభకి నిర్వాహకులు ఆవిణ్ణి పిలవలేదు. పిలవలేదని ధర ఇంకా పడింది. ధర పడిందని వస్తామన్న వాలంటీర్లు మానేశారు. ఒక బర్త్‌డే పార్టీలో మా తెలుగువాళ్ళబ్బాయే ఒకడు ఆవిడ పక్కన నిలబడి ఫోటో దిగి, "ఆంటీ, మీరు ఓడిపోతారని బెట్ కట్టాను, ఫీలవకండి" అని పళ్ళికిలించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేను అతని మీదికి లేవబోతే టీచరు గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "నీ కోపం దాచుకో అమ్మాయ్, రేపు చాలా తలుపులు కొట్టాలి" అన్నారు. అప్పుడు దాచుకున్నదే ఇది.

ఓడిపోయారు. ఘోరంగానే ఓడిపోయారు. "చూశారా, మార్కెట్ కరెక్టే" అని గ్రూపులో ఒకాయన రాశాడు. అందరూ కలిసి ఒక మనిషి గొంతు నొక్కి, మాట రాలేదేమని నవ్వడం కరెక్టా? టీచరు గారు మాత్రం రెండు రోజులు నిద్రపోయి, మూడో రోజు లేచి స్కూల్ బోర్డు మీటింగ్‌కి వెళ్ళారు. వెళ్తూనే ఉన్నారు. వాళ్ళు విసుక్కున్నా, మైకు ఆపేసినా వెళ్ళారు. ఇవాళ ఆ స్కూల్లో నర్సు గదిలో ఏ పిల్లకైనా వాడటానికి ఇన్‌హేలర్లు సిద్ధంగా ఉంటాయి. దాని మీద ఎవడూ బెట్ కట్టలేదు.

నిన్న ఫ్యూనరల్ హోమ్‌లో మా అధ్యక్షుడు నాలుగు మాటలు చెప్తానని లేచాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఆవిడ ఎందుకు పోటీ చేశారో చెప్పండి. తర్వాత మైకు తీసుకోండి."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా..."

"తెలుసా, తెలీదా?"

తెలీదు. వెనక్కి తిరిగాడు. టీచరు గారి అమ్మాయి లేచొచ్చి మైకు అందుకుని, ఆ ల్యాబ్‌లో పిల్ల సంగతితో మొదలుపెట్టింది. అతను వెనక వరసలో కూర్చుని విన్నాడు. నా కోపం తగ్గలేదు. తగ్గాలని నాకేం తొందర లేదు.

ఆ ప్రచారం రోజుల్లో ఒక మధ్యాహ్నం జోరు వాన. బీదవాళ్ళుండే ట్రైలర్ ఇళ్ళ మధ్య ఆవిడ ఒక తలుపు కొట్టారు. నేను గొడుగు పట్టుకుని వెనకే ఉన్నాను. ఒక ముసలాయన తలుపు కాస్తే తీసి, "నేనెవరికీ ఓటెయ్యను" అన్నాడు.

"వెయ్యకండి. వాన తగ్గేదాకా లోపల నిలబడనిస్తారా?" అన్నారీవిడ.

ఆయన పక్కకి జరిగాడు. టీచరు గారు మన ఇళ్ళ అలవాటు కొద్దీ గడప దగ్గర తడిసిన బూట్లు విప్పేశారు. ఆయన ఆ బూట్లకేసీ, మేజోళ్ళతో కార్పెట్ మీద నిలబడ్డ ఆవిడకేసీ కాసేపు చూశాడు. ఏమనుకున్నాడో, గోడ పట్టుకుని కష్టంగా వంగి, తన సొంత ఇంట్లో తన బూట్లు కూడా విప్పి, ఆవిడ బూట్ల పక్కన పెట్టాడు.