రహిమున్నీసా అక్క ఊరబెట్టిన కౌజులు

రహిమున్నీసా అక్కకు వంట విషయంలో పొగరు. నేను కల్పించి చెప్పడం లేదు, ఆమే ఒప్పుకుంటుంది. శ్రీకాళహస్తిలో మాది పక్కిల్లు. అడవి కౌజుల వేపుడంటే ఆమె చేతిదే తినాలని ఊరంతా అనేది. ఊరు అనడం ఆలస్యం, ఆమె నిజమే అనేది.

వాళ్లాయన జిలాన్ లారీ మెకానిక్కు. శుక్రవారం షెడ్డు మూసేసి గుట్టల్లోకి పోయి, నాలుగు కౌజు పిట్టల్ని సంచిలో ప్రాణంతోనే తెచ్చేవాడు. చచ్చినవి వాళ్లకు పనికిరావు, అల్లా పేరు తలిచి కొయ్యాలి. కోసేముందు అక్క ప్రతి పిట్టనూ తిరగేసి పొట్ట మీద ఊదేది. ఈకలు విడిపోయి బోడి చర్మం కనబడితే అది గుడ్లు పొదుగుతున్న పెట్ట. జిలాన్ మళ్లీ సైకిలెక్కి దాన్ని పట్టినచోటే వదిలి రావాల్సిందే. తిట్టుకుంటూనే పోయేవాడు. పిట్టల్ని పట్టడం నేరమని చట్టం అప్పుడూ ఉంది, మాకే లెక్కలేదు. తెలిసినవాళ్ల మీద కేసు పడ్డాక అతను మానేశాడు. కొన్నేళ్లకు మనిషే పోయాడు.

అడవి కౌజు మాంసం గట్టిది. పచ్చి బొప్పాయి నూరి, పుల్ల పెరుగులో కలిపి రాత్రంతా ఊరబెడితే గానీ లొంగదు. బొప్పాయి ఎంత వెయ్యాలో అక్క పిట్ట రొమ్ము నొక్కి చూసి చెప్పేది.

ఈ వేసవిలో కొడుకు ఏర్పేడు రోడ్డులో చిన్న హోటల్ పెట్టి, బోర్డు మీద అమ్మ పేరు రాయించాడు. మొదటి రోజుకని నలభై ఫారం కౌజులు తెచ్చాడు.

"ఇవి లేతవి అత్తమ్మా, బొప్పాయి వద్దేమో" అంది కోడలు అంబ్రీన్.

"నువ్వు పుట్టకముందు నుంచీ సేస్తా ఉండాను" అని అక్క నలభైకీ బొప్పాయి పట్టించింది. పొద్దున మూత తీస్తే ఎముకలు వేరు, గుజ్జు వేరు. కొడుకు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని అక్క తర్వాత నాతో అంది. మర్నాటి నుంచి అంబ్రీన్ బొప్పాయి లేకుండా, ఒక్క గంట నిమ్మరసంలో ఊరబెట్టి వేయించింది. కాలేజీ పిల్లలు ఎగబడ్డారు. బోర్డు మీద పేరు అక్కది, బాణలి దగ్గర చెయ్యి కోడలిది. అక్క వంటింట్లో అడుగుపెట్టడం మానేసింది. వెనక అరుగు మీద ఉల్లిపాయలు ఒలుస్తూ కూర్చునేది. ఆమెనలా చూడటం నాకు కష్టంగా ఉండేది.

నెల తర్వాత సుబ్రమణ్యం వచ్చాడు. దగ్గర్లోనే మామిడి తోపున్న రైతు, ఒకప్పుడు జిలాన్‌తో గుట్టలు తిరిగినవాడు. చేతిలో సంచి కదులుతోంది.

"సెల్లెమ్మా, అడవి కౌజులు రెండు. మా తోపు ఎనక దొరికినాయి. నీ సేత్తో సేసి పెట్టు. ఈ ఫారంవి నోట్లో పెట్టలేకుండా ఉండాను. ఆ రుచి ఇంకా నాలిక మీదనే ఉండాది."

అక్క ఒకదాన్ని బయటికి తీసి రొమ్ము నొక్కింది. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ చేతికి తెలిసిన పిట్ట మళ్లీ ఆ చేతిలోకే వచ్చింది. పోయిన పరువు ఒక్క పూటలో తెచ్చుకోవచ్చు. నాకూ నోరూరింది, దాచడం ఎందుకు. అక్క అలవాటు కొద్దీ దాన్ని తిరగేసి ఊదింది. పొట్ట బోడిగా ఉంది. రెండోది పుంజు. రెండిటినీ మళ్లీ సంచిలో పెట్టి మూతి ముడేసింది.

"ఈడ పెట్టి పో అన్నా. రేపు మద్యాన్నం రా" అంది.

అతను అటు వెళ్లగానే సంచి నా చేతిలో పెట్టింది. "వాళ్ల తోపు ఎనకనే ఇడిసిరా శేఖరా. రెండిటినీ."

"పుంజునన్నా ఉంచుకోరాదా అక్కా?"

"పోతావా పోవా?"

స్కూటర్ మీద దారంతా సణుక్కుంటూనే పోయాను. సంచి విప్పగానే రెండూ పొదల్లోకి ఉరికాయి.

మర్నాడు అక్క వంటింట్లోకి వచ్చింది. "ఎంతసేపు ఊరబెట్టాల?" అని కోడల్ని అడిగింది. ఆ మనిషి ఒకర్ని అడగడం నేనెప్పుడూ వినలేదు. అంబ్రీన్ గంట అంది. అక్క రెండు ఫారం పిట్టల్ని సరిగ్గా గంటే ఊరబెట్టి, తన చేత్తో వేయించింది.

సుబ్రమణ్యం తిన్నాడు. ఎముకలు చీకి, కళ్లు మూసుకున్నాడు. "అదీ! అడవి కౌజంటే ఇదీ! ఎన్నేండ్లాయ సెల్లెమ్మా ఈ రుచి సూసి. ఫారంవి దీని కాలిగోటికి సాలవు."

అంబ్రీన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది. అక్క కూడా నవ్వుతుందనుకుని తిరిగి చూశాను. ఆమె కళ్లు తుడుచుకుంటోంది.

అతన్ని సాగనంపి వచ్చి నా పక్కన కూలబడింది. "ఆ రుచి మరిసిపోయినాడు శేఖరా. మా ఆయన పోయినాక ఈయనకన్నా గుర్తుంటాదనుకొంటి. నీకు గుర్తుండాది గదా?"

ఉందన్నాను. మిగిలిన ముక్క తెచ్చి నా ముందు పెట్టింది. "తిను. ఏం తేడానో సెప్పు."

తిన్నాను. బాగుంది, నిజంగానే చాలా బాగుంది. నెమ్మదిగా నమిలి వెతికాను. దేనితో పోల్చాలో నాలుకకు తెలియలేదు.

"తెలీలేదక్కా" అన్నాను.

ఆమె కోప్పడలేదు. ప్లేటు తీసుకుంటూ, "అయితే ఇంక నేనొక్కదాన్నే" అంది.