కాటా గదిలో పది నిమిషాలు

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. పేరు చెప్పను, నా పొట్ట మీద నేనే కొట్టుకోలేను. దాని గేటు పక్కన లారీలు తూచే కాటా, కాటా పక్కన రేకుల గది. ఆ గదిలో తొమ్మిదేళ్లుగా కూర్చున్న మనిషి సోమక్క. ఆలూరు దగ్గర పల్లె ఆమెది. మొదట బస్తాల షెడ్డు ఊడ్చే పనికి వచ్చింది. మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుంటే, ఆమె కాటా గుమాస్తా వెనక నిలబడి కీబోర్డు మీద ఏ అక్షరం ఎక్కడుందో నేర్చుకుంది. ఆయన రిటైరైన నాడు ఆ కుర్చీలో కూర్చుంది. ఎవరో దయతలచి ఇచ్చిన కుర్చీ కాదది.

నా పేరు లేవి. ఊరు బద్వేలు. జిల్లాలో అయిదారు ఫ్యాక్టరీలకు కాంట్రాక్టు మీద కంప్యూటర్లు బాగుచేస్తుంటాను. సోమక్క గురించి రాయాలని కూర్చుంటే ముందు కోపం వస్తోంది. రానీ.

నిరుడు కంపెనీ వాళ్లు తూకాల ప్రోగ్రామును హైదరాబాదు ఆఫీసుకు తీసుకుపోయారు. కాటా గదిలో మిగిలింది ఒక తెర. లారీ ఇక్కడ తూగుతుంది, దాని బరువు మాత్రం ఎక్కడో హైదరాబాదులో ఉన్న కంప్యూటరులోకి పోయి రాయాలి. అలా దూరం నుంచి లోపలికి పోవడాన్నే రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. బాగానే ఉంది. కానీ ఓ పది నిమిషాలు లారీ రాక, ఆమె చెయ్యి మౌసు మీద కదలకపోతే, తెర టక్కున మూసుకుపోయేది. మళ్లీ తెరవాలంటే పాస్‌వర్డు కొట్టాలి, ఫోనుకు వచ్చే నంబరు కొట్టాలి. సగం రాసిన చీటీ లోపల ఇరుక్కుంటే దాన్ని హైదరాబాదు వాళ్లే విడిపించాలి. అంతలో కాటా మీద ఒక లారీ, దాని వెనక ఇరవై లారీలు, ఇరవై హారన్లు. తిట్లన్నీ సోమక్కకే.

హైదరాబాదుకు ఫోన్ చేస్తే ఒకటే జవాబు. "మీ ఊళ్లో నెట్ వీక్ మేడం." మా సీమంటే వాళ్లకు అదే లెక్క. ఇక్కడ వానా ఉండదు, నెట్టూ ఉండదు! ఆమె వైరు మార్పించింది, నెట్ డబ్బా మార్పించింది. తెర మూసుకునే ముందు ఇంగ్లీషులో ఒక వాక్యం కనబడేది. దాన్ని అక్షరం అక్షరం నోటుబుక్కులోకి దించుకుని ఫోనులో చదివి వినిపించింది. 'పని లేకుండా ఉండే గడువు దాటిపోయింది' అని దాని అర్థం. తెరే నోరు తెరిచి కారణం చెబుతోంది. వినే నాథుడు లేడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆడవాళ్ల బాత్రూము ప్యాకింగ్ ప్లాంటు అవతల ఉంది. పోయి రావడానికి పావుగంట. తెర ఆగేది పది నిమిషాలు. సోమక్క ఏం చేసింది? నీళ్లు తాగడం మానేసింది. ఎర్రగుంట్ల ఎండలో, రేకుల కింద, సిమెంటు దుమ్ములో పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా ఒక్క గ్లాసు. వేసవి దాటేసరికి మూత్రంలో మంట, నడుంనొప్పి, జ్వరం. ప్రొద్దుటూరు డాక్టరు తిట్టి పంపాడు. ఒక యంత్రం కోసం మనిషి ఎండిపోవాల్సి వచ్చిందంటే, ఆ పది నిమిషాల గడువు పెట్టిన చేతిని ఏమనాలో నాకు తెలియదు.

ఆమె అవస్థ చివరికి డ్రైవర్లకే అర్థమైంది. లక్ష్మన్న అనే బళ్లారి రూటు డ్రైవరు ఒకనాడు, "నువ్వు పోయి రాక్కా, నేను ఆ మౌసు కదిలిస్తా ఉంటాలే" అన్నాడు. అప్పటినుంచి అది వాడుకైపోయింది. ఆమె లేచి పోతే, గేటు దగ్గర ఖాళీగా ఉన్న డ్రైవరు ఎవరో ఒకరు కిటికీలోంచి చెయ్యి పెట్టి మౌసు కదిలించేవాడు.

కెమెరాలో అది పడింది. తూకాల కంప్యూటరు మీద లారీ డ్రైవరు చెయ్యి! అప్పటికే ఆలస్యాలకు రెండు మెమోలు ఉన్నాయి, ఇది మూడోది. మేనేజరు వీరేంద్ర, సోమవారం నుంచి ఆమెను మళ్లీ బస్తాల షెడ్డుకు పొమ్మన్నాడు.

శుక్రవారం సోమక్క నాకు ఫోన్ చేసింది. "ఏమప్పా లేవీ, ఒకసారి వచ్చి సూడప్పా. నెట్టు బాగలేకపోతే ఒకసారి రెండు నిమిషాలకు పోవల్ల, ఒకసారి ఇరవైకి పోవల్ల. ప్రతిసారీ పదికే ఎట్ల పోతాది? తూకాలు సూసేదాన్ని, నాకు ఆ మాత్రం తెలీదా?"

మరునాడు పోయాను. ఆ తెర పక్కనే కంప్యూటరులో ఇంకో విండో తెరిచి, ఆ హైదరాబాదు కంప్యూటరు క్షణక్షణం పలుకుతోందో లేదో చూసే ఏర్పాటు చేశాను. చేతులు కట్టుకుని కూర్చున్నాం. సరిగ్గా పది నిమిషాలకు తెర పోయింది. పక్క విండోలో పలుకు ఒక్కటి తప్పలేదు. నెట్ నిక్షేపంగా ఉంది. గదిలోని కంప్యూటరు నిద్రపోకుండా చేసి మళ్లీ చూశాం, మళ్లీ పదికే. తొమ్మిదో నిమిషంలో మౌసు కదిలిస్తూ గంటసేపు చూశాం, ఒక్కసారీ పోలేదు.

హైదరాబాదులో రాజశేఖర్ అనే ఇంజినీరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

"అవునండీ, ఆ పది నిమిషాలు మేమే పెట్టాం" అన్నాడు తాపీగా. "లోపల ఒకేసారి కూర్చునేవాళ్లకు లెక్క ఉంది. ఖాళీగా ఉన్నవాళ్లను పంపించకపోతే మిగతా బ్రాంచీలకు చోటు దొరకదు. కాటాకు ఎంత కావాలి?"

"రెండు గంటలు."

అటు నుంచి కీబోర్డు చప్పుడు. "అయిపోయిందండీ."

నిమిషం పట్టలేదు. పదకొండు నెలల దాహం, మూడు మెమోలు, ఒక నిమిషం పని! నాకు ఒళ్లు మండిపోయింది. "మరి ఇన్నాళ్లూ నెట్ వీక్, నెట్ వీక్ అని ఊదరగొట్టిందెవరు? ఆ మహానుభావుడి పేరు చెప్పండి" అని అరిచాను.

"మొదటి ఫిర్యాదు మీరే ముగించారు కదండీ. దాన్ని చూసి మావాళ్లూ అదే చెబుతూ వచ్చారు. పంపిస్తున్నా, చూడండి."

ఆ ఫిర్యాదు తెర మీదికి వచ్చింది. కారణం, లోకల్ నెట్ వీక్. చూసిన టెక్నీషియన్, లేవి. ఆ రోజు నేను బద్వేలులో ఒక పెళ్లి భోజనాల పంక్తిలో ఉన్నాను. ఎడమ చేత్తో ఫోన్ ఎత్తి, కాటా తెర పోతోందని రెండు ముక్కలు విని, వచ్చి చూసినట్టే ఫోనులోనే రాసి పారేశాను.

సోమక్క ముఖంలో ఆశ్చర్యమేమీ లేదు.

"నీకు తెలుసా అక్కా?"

"మొదటి మెమోలోనే ఉండాది గదప్పా నీ పేరు."

"మరి నన్నే ఎందుకు పిలిచావు?"

"కాటా చీటీలో తప్పు పడితే రాసినోళ్లే కొట్టేసి సంతకం పెట్టల్ల. ఇంకొకరు కొట్టేస్తే ఈడ చెల్లదు" అని తెల్ల కాగితం నా ముందుకు తోసింది.

రాశాను. కారణం నెట్ కాదనీ, పై ఆఫీసు పెట్టిన గడువనీ, నేను వచ్చి చూడకుండా తప్పు రాశాననీ, సోమక్క దోషమేమీ లేదనీ. తర్వాత ఆ కాగితం మీదే మూడు మెమోలూ రద్దయ్యాయి, ఆమె కుర్చీ ఆమెకే నిలిచింది. ఆ పూట మాత్రం ఆమె దాన్ని రెండుసార్లు చదివి తిరిగి నా చేతికే ఇచ్చింది.

"తేదీ మరిసినావు" అంది.

ఆ శనివారం తేదీ వెయ్యబోయాను.

"ఈ పొద్దుది కింద ఏసుకో. పైన, నువ్వు రాకుండానే సూసినానని రాసినావే, ఆ పొద్దుది ఎయ్యి."