ఆరిపోయిన తూకం

మొన్న కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలోని ఇంట్లో మా మనవరాలు బీజగణితం లెక్క ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. ఎక్స్ విలువ నిమిషంలో చెప్పేశాను. ఈ వయసులో నిమిషంలో చేయగలిగిన పనులు ఇంకేమీ మిగల్లేదు కనుక కొంచెం గర్వపడ్డాను కూడా. అది సరే తాతా, ఇక్కడ ఎక్స్ అంటే ఏమిటి అని ఆ పిల్ల అడిగింది. లెక్క మళ్ళీ మొదటినుంచీ చదవవలసి వచ్చింది. చదువుతూ ఉంటే మా మేనత్త గుర్తుకొచ్చింది.

నా తరంవాళ్ళకు మిల్లు సంగు, అదే సైరను, గుర్తుండే ఉంటుంది. కోయంబత్తూరులో ఆ కూతకే పొయ్యిలు వెలిగేవి, ఆ కూతకే పెళ్ళి మాటలు సగంలో ఆగిపోయేవి. లెక్కల్లో పట్టా పుచ్చుకుని నేనొక నూలు మిల్లులో తూకాల గుమాస్తాగా చేరేనాటికి, చిన్నతనంలోనే భర్త పోయిన మా అత్త అక్కడే దూదిలో చెత్త ఏరే పనిలో ఉండేది. పొద్దున దూది తూచి ఇస్తారు, సాయంత్రం బాగుచేసిన దూదినీ చెత్తనూ విడివిడిగా తూచుకుంటారు. ఆమెకున్న ఆధారం ఆ పని ఒక్కటే.

ఆ ఎండాకాలం అత్త తూకం రోజూ తగ్గుతూ వచ్చింది. కారణం కనుక్కోమని మేస్త్రి నాకే అప్పగించాడు. పొద్దుటి తూకంలోంచి సాయంత్రపు తూకాలు తీసేసి, తక్కువైనదానికి ఎక్స్ అని పేరు పెట్టి, వారం రోజుల విలువలూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చాను. ఆ ఎక్స్ చీరకొంగులో దాటిపోతోందని మేస్త్రి తేల్చాడు. నా కాగితంలో ఆ మాట లేదు. కాదనే మాటా లేదు.

అందరి ముందూ నిలబెట్టి అడిగితే అత్త ఒక్కటే చెప్పింది.

"ఆరిపోయింది సామీ."

అరవంలో ఆరిపోవడమంటే చల్లబడడం. మేస్త్రికి అలాగే వినిపించింది, అది ఆయన భాష, ఆయన తప్పేమీ లేదు. పగలంతా అరవంలోనే బతుకుతున్న నాకూ అలాగే వినిపించింది. ఎక్కడ ఎవరి కళ్ళలో నీళ్ళు తిరిగినా ఒక వేళాకోళం విసరనిదే నాకు అన్నం సయించని రోజులవి.

"చల్లారడానికి అదేమన్నా కాఫీనా అత్తా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. సోమవారం నుంచి పనికి రావద్దన్నారు.

ఆదివారం ఇంట్లో అత్త దండెం మీది నా పంచెను తడిమి చూసి, ఎప్పటిలాగే, "ఆరిపోయింది, తీసుకుపో కణ్ణు" అని ముద్దుగా పిలిచి అందించింది. నాటకంలో అయితే అది ఏడ్చే చోటు. నేను పంచె మడతపెట్టాను. మడతపెడుతూ ఉండగా తట్టింది, మా ఇంటి తెలుగులో ఆ మాటకు తడి పోవడమని అర్థం. తక్కినవాళ్ళందరూ లోపల నీడన కూర్చుంటే, పడమటెండ కొట్టే రేకుల కింద కూర్చునేది అత్త ఒక్కతే.

సోమవారం ఆమెను వెంటబెట్టుకుపోయి, బుట్టెడు దూది తూచి ఆ రేకుల కింద పరిచి, సాయంత్రం అందరి ముందూ మళ్ళీ తూచాను. అత్త చేయి తగలని దూదే, అయినా రోజూ తగ్గినంతే తగ్గింది. మేస్త్రి గొంతు సవరించుకుని రేపటి నుంచి రమ్మన్నాడు.

"ఐప్పసి నెల వానల్లో తూకం ఎక్కువొచ్చె గదా సామీ," అంది అత్త నెమ్మదిగా. "అప్పుడు ఎవరింటి నుంచి తెచ్చినావని ఒకరూ అడగలేదే."

ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్కడే పని చేసింది. నేనన్న మాట ఏనాడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏదో ఒక హాస్యంతో తప్పించుకునేవాణ్ణి, ఆ అవకాశం ఇవ్వలేదు. ఇప్పుడు దూదిలో తేమ ఎంతో యంత్రమే చెబుతుందట, మంచిదే. మిల్లు ఉన్నచోట అంతస్తుల ఇళ్ళు లేచాయి. మా ఇంట్లో బట్టలు కూడా ఇప్పుడు తెలుగులో ఆరిపోవు, అరవంలో 'కాంజిపోతాయి'. అత్త మాటను మళ్ళీ తప్పుగా వినడానికైనా, ఆ మాట అనేవాళ్ళు ఒకరుండాలి కదా.