గోడ మీది రావి మొక్కలు

ఒక పాత కోటను కాపాడడమంటే దాని దగ్గరికి మనిషిని రానీయకపోవడమేనా? మీరేమంటారు? నిబంధనలంటే నాకు పడదని మాత్రం అనుకోకండి. నా గొడవ వేరు.

మా ఊరు మోత్కూర్ దగ్గర. ఊరి వెనక గుట్ట, గుట్ట మీద పాత కోట. పెద్దదేమీ కాదు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ, ఒక దర్వాజ, దాని పక్కన బండల నడుమ వాననీరు నిలిచే గుండం. మా నాయిన తమ్ముడు, అంటే మా చిన్నాయిన, తన మేకలను అక్కడే మేపేవాడు. చెరువు ఎండినా గుండంలో నీళ్ళుండేవి. హోళీ పోయాక కాపరులంతా అందులోకి దిగి పూడిక తీసేవారు కాబట్టే ఉండేవి. ఆ నీళ్ళు లేకపోతే మంద లేదు. మంద లేకపోతే చిన్నాయినకు బతుకు లేదు. ఆయనకు గుంట భూమి కూడా లేదు.

యాభైల చివర్లో పురావస్తు శాఖవాళ్ళు గుట్ట కింద ఒక బోర్డు పాతారు. ఇంగ్లీషులో ఉంది. నేనప్పుడు నల్లగొండలో బడి పంతులును. సెలవులకు ఇంటికొస్తే ఊరివాళ్ళు నన్ను అక్కడికి తీసుకెళ్ళి చదివించుకున్నారు. హద్దు లోపల రాయి కదపరాదు, తవ్వరాదు, చెట్టు కొట్టరాదు, పశువులను మేపరాదు. తప్పితే జరిమానా.

చదువుతుంటే నాకు సంతోషమే అనిపించింది. గోడ కింద లంకెబిందెలున్నాయని నమ్మి, అమావాస్యకు కోడిని కోసి పునాదులు తవ్వే మూర్ఖులతో నేను ఏళ్ళుగా పోట్లాడుతున్నాను. సభల్లో గొంతు చించుకున్నాను. వాళ్ళకు చట్టం అడ్డుపడితే నేనెందుకు కాదంటాను?

పశువుల మాట దగ్గర చిన్నాయిన నన్ను ఆపాడు.

“పశువులంటే బర్లా, మేకలా?”

“అన్నీ చిన్నాయినా.”

“సక్కగ సదువు కొడుకా. మేకలని రాసి ఉండదు.”

మళ్ళీ చదివాను. రాసే ఉంది.

“గట్లయితే మేకలకు గూడ ఇంగిలీషు నేర్పాలె,” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

కావలికి పెట్టిన మనిషి మా ఊరివాడే. చిన్నాయినను మామా అనేవాడు. మొదట్లో చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. పైనుంచి మందలింపు వచ్చినట్టుంది, ఒకనాడు మందను బందెలదొడ్డికి తోలాడు.

“జర సమజ్ చేసుకో మామా. నా నౌకరి పోతది.”

“నీ నౌకరి ఉండాలె, నా మేకలు ఎండాలె. మంచిగున్నదిరా అల్లుడా.”

అధికారి జీపులో వచ్చినప్పుడు నేను చిన్నాయినను వెంటబెట్టుకుని వెళ్ళాను. మేత వద్దంటే మానేస్తాం, గుండం నీళ్ళయినా తాగనివ్వండి అన్నాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఓపిగ్గా విన్నాడు.

“ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలి. ఇది దేశపు సొత్తు. చదువుకున్నవారు, మీరే వాళ్ళకు నచ్చజెప్పాలి.”

“మేము గా దేశంల లేమా సారూ?” అని అడిగాడు చిన్నాయిన.

అధికారి నా వైపు చూశాడు, ఆ మాటకు అర్థం నేను చెప్పాలన్నట్టు.

ఆ ఎండలు ముగిసేలోపే చిన్నాయిన మేకలను భువనగిరి అంగడిలో అమ్మేసి, అక్కడి గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, మూటలు మోసే పనికి కుదిరాడు.

గుట్ట పచ్చబడింది. ఒప్పుకోవాలి. మేకలు లేత చెట్టును బతకనివ్వవు, ఆ మాట అబద్ధం కాదు. కానీ గోడ సందులు కూడా పచ్చబడ్డాయి. పిట్టలు రెట్ట వేసిన చోటల్లా ఒక రావి మొక్క. అవి ఇన్నాళ్ళూ ఎందుకు పెరగలేదో మా ఊళ్ళో ఎవరూ ఆలోచించలేదు. అప్పట్లో చిన్నాయినకూ తెలియదు, నాకూ తెలియదు. మేకలు గోడెక్కి చిగురు వేసినప్పుడల్లా కొరికేసేవి, అంతే.

ఒకసారి సెలవుల్లో ఆ మొక్కలను అందినంత మేరకు నేను పీకుతుంటే కావలివాడు పరుగెత్తుకొచ్చాడు.

“రావి చెట్టు పీకితే పాపం తగుల్తది బావా. దేవుడు గదా.”

“దేవుడు గోడ పగలగొడుతున్నాడు, కనబడుతలేదా?”

“బోర్డు మీద గూడ కొట్టొద్దనే ఉన్నది. నువ్వే సదివినవు.”

మూఢనమ్మకం, సర్కారు చట్టం ఒకే మాట మీద నిలబడడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. రెండూ కలిసి ఒక మొక్కకు కాపలా కాశాయి. పై అధికారులకు రాశాను. జవాబు రాలేదు. కావలివాడు బోర్డు కింద కూర్చునేవాడు. గుట్టంతా కలియతిరిగే కాపరులు లేరు కనుక వెనకవైపు కొత్త గోతులు కూడా పడ్డాయి. కోళ్ళ ఈకలు దొరికాయి.

అరవైలలో ఒక వానాకాలం దర్వాజ పక్క గోడ కూలి గుండంలో పడింది. వాన వల్ల అన్నారు. కూలిన రాళ్ళ మధ్య చేతి మణికట్టంత లావు రావి వేళ్ళున్నాయి.

సంగతి తెలిసి చిన్నాయిన భువనగిరి నుంచి వచ్చాడు. మూటలు మోసీ మోసీ మెడ ముందుకు వంగింది. రాళ్ళ గుట్ట మీద కూర్చుని సందుల్లోకి తొంగి చూశాడు.

“నీళ్ళేవిరా?”

“కింద ఉన్నయి చిన్నాయినా.”

“గోడ పాయె. గుండం పాయె. మరి నన్నెందుకు ఎల్లగొట్టిండ్రు?”

సభల్లో ఎందరి నోళ్ళో మూయించినవాణ్ణి. ఆ బోర్డు చదివి వినిపించిందీ నేనే.

నిబంధన ఉండాలి. అక్కడ బతికేవాణ్ణి అడిగి రాసిన నిబంధన ఉండాలి. మీ ఊరి పక్కన కూడా ఒక గుట్ట, ఒక గోడ ఉండే ఉంటాయి. ఈ ఎండాకాలమే ఎక్కి చూడండి. గోడ సందులో రావి మొక్క కనబడితే అధికారిని అక్కడికి పిలిపించి, ఆయన కళ్ళెదుట పీకండి. పాపం వస్తే నాకు రానివ్వండి. గుండం పూడిక తీసే హక్కు, మందకు నీళ్ళు తాపుకునే హక్కు ఆ బోర్డు మీదే, తెలుగులో రాయించండి. రాసేదాకా ఆయన జీపు ఎక్కకుండా చూడండి. వానలు పడకముందే వెళ్ళండి.