పెద్దమ్మ చెప్పిన రెండో సాక్ష్యం

మీ ఇంట్లో పిల్లల్ని కనని ఆడమనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే, ఆమె ఒంట్లో ఎలా ఉందని మీరు ఆఖరిసారి ఎప్పుడు అడిగారు? పిల్లలెందుకు లేరని కాదు సోదరులారా, అది ఊరంతా అడుగుతుంది. ఒంట్లో ఎలా ఉందని!

పోయిన మంగళవారం ఉదయం నిడదవోలులో ఒక ఇంటి కూడికలో వాక్యం తెరిచి నిలబడి ఉండగా పక్క కొట్టుకి నాకోసం ఫోను వచ్చింది. మా పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. రొమ్ములో పుట్టిన క్యాన్సర్ ఊపిరితిత్తుల దాకా పాకి ఆమెను తీసుకుపోయింది. మొదలుపెడితే ఆగని ప్రసంగీకుణ్ణని నాకు పేరు. ఆ పూట తెరిచిన వాక్యం మధ్యలోనే మూసి బయల్దేరాను.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. నరసాపురం దగ్గర పల్లెలో లేసు అల్లేది. సాయంత్రం అరుగు మీద ఎండ తగ్గేవేళకి, అల్లిన ముక్కను పాత నల్ల గుడ్డ మీద పరిచి కుట్టు తప్పిన చోటు వెతికేది. ఆదివారం వస్తే సండే స్కూలు ఆమెదే. కొత్తగా వచ్చిన పాస్టరమ్మగారు "పిల్లల్లేరాండీ మీకు?" అని జాలిగా అడిగితే, "ఎవరన్నారండీ? ఈ కొంగు చూడండి, ఊళ్లో పిల్లల ముక్కులన్నీ దీనికే తుడిచాను" అని నవ్వింది. ఆ కొంగులో గంజి వాసన, కొబ్బరినూనె వాసన కలిసి ఉండేవి. ఈ వారమంతా కొబ్బరినూనె వాసన ఎక్కడ తగిలినా వెనక్కి తిరిగి చూస్తున్నాను.

అయినా ఏ సీమంతంలోనూ గాజులు తొడగమని ఆమెను ముందుకు పిలవలేదు. సంఘస్థులమే, ప్రార్థనతోనే మొదలుపెట్టేవాళ్లం. ఆమె మాత్రం వంటింట్లో పులిహోర కలుపుతూ ఉండేది. ఏ వాక్యంలో ఉంది ఈ ఆచారం? గ్రంథమంతా తిరగేశాను, లేదు! గొడ్రాలి మొర దేవుడు విన్నాడని ఉంది గానీ, ఆమెను గుమ్మం అవతల నిలబెట్టమని ఎక్కడా లేదు.

యాభై దాటాక ఒకసారి రొమ్ములో సలుపుగా ఉందంటే పెదనాన్న ఆమెను రాజమండ్రి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో తీయించి చూసి, "ఫోటోలో గడ్డలాంటిదేమీ కనబడలేదమ్మా" అంది. పెదనాన్నకి ఆ ముక్క చాలు. "స్తోత్రం!" అని కేకేసి, సంఘపెద్దలకి ఫోను చేయడానికి బయటికి పరుగెత్తాడు. డాక్టరమ్మ ఇంకా చెబుతూనే ఉంది. వినడానికి పెద్దమ్మ ఒక్కతే మిగిలింది.

ఆ ఆదివారమే కృతజ్ఞత కూడిక పెట్టారు. షామియానా వేశారు, కోళ్లు కోశారు. పెద్దమ్మను నిలబెట్టి సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు నన్ను ముట్టాడు, నాకే రోగమూ లేదన్నారు అని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంత సాక్ష్యం చెప్పిన మనిషి మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కితే ఏమంటారు? విశ్వాసం సన్నగిల్లిందంటారు. విశ్వాసుల ఇళ్లలోనే జరిగే పొరపాటు ఇది. మన చప్పట్లే ఆమె కాళ్లకి సంకెళ్లయ్యాయి!

మరుసటేడు స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలింది. అప్పుడు నన్ను పిలిపించి, ఆ రోజు డాక్టరమ్మ చెప్పిందంతా అరుగు మీద కూర్చుని చెప్పింది.

"ఒరేయ్, రొమ్ములో పాలు తయారయ్యే కండ ఉంటదంట, కొవ్వు ఉంటదంట. ఫోటోలో కొవ్వు నల్లగా పడుద్ది, కండ తెల్లగా పడుద్ది. కాన్పులయ్యేకొద్దీ చాలామందికి ఆ తెల్లది తగ్గుద్దంట. పిల్లల్ని కననోళ్లకీ, లేటుగా కన్నోళ్లకీ ఎక్కువే ఉండిపోవచ్చంట. నాకు బాగా ఎక్కువంది. గడ్డ కూడా తెల్లగానే పడుద్దిరా. తెల్ల గుడ్డ మీద లేసు పరిస్తే తప్పిన కుట్టు కనబడుద్దా?"

"చేత్తో తడిమితే తెలీదా ఆ తెల్లది ఎక్కువుందని?"

"తెలీదంట. మెత్తనా గట్టినా అన్నది కాదంటరా ఇది, ఫోటోలోనే తెలుస్తదంట. ఆ తెల్లది ఎక్కువున్నోళ్లకి జబ్బొచ్చే అవకాశం కూడా కాస్త ఎక్కువంట. అందుకే స్కానింగు కూడా చేయించుకోమంది." కొంగు సర్దుకుంది. "ఇది శాపమాండీ అనడిగాన్రా. శాపమేంటమ్మా, ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరు, పిల్లల్ని కన్నోళ్లకీ ఇలా ఉండొచ్చు, వాళ్లకీ జబ్బు రావచ్చు అంది."

అది చెబుతున్నప్పుడు ఆమె ముఖం తేటపడింది. శాపం కాదన్న మాట కోసం ఆమె ఎన్నేళ్లు ఎదురుచూసిందో!

"మరి వెళ్లవేం?"

"వెళ్తే నా సాక్ష్యం అబద్ధమైపోదూ?"

నేను గ్రంథం తెరిచాను. "ప్రభువు కుష్ఠురోగిని బాగుచేసి ఏం చెప్పాడు పెద్దమ్మా? వెళ్లి యాజకుడికి చూపించుకో అన్నాడు. బాగైనవాడికే పరీక్ష తప్పలేదు!"

ఎగాదిగా చూసింది. "ఇన్నాళ్లకి పనికొచ్చే ప్రసంగం ఒకటి చేశావురా. అదీ చిన్నది."

ఆ ఆదివారం ఎవరూ పిలవకుండానే లేచి ముందుకొచ్చింది. "అప్పుడు నేను సగం సాక్ష్యమే చెప్పానండి. మిగతా సగం ఇవాళ చెబుతాను" అని, రొమ్ము అన్న మాట మందిరంలో గట్టిగా పలికింది. మగవాళ్లందరూ తలలు దించుకున్నారు. "ఏమండీ, మీరు తలెత్తండి. మీరు ఫోనుకి పరుగెత్తినప్పుడు చెప్పిన సంగతే ఇది" అని పెదనాన్నను పేరుపెట్టి పిలిచినంత పని చేసింది. ఆడవాళ్లు కొంగులు అడ్డుపెట్టుకుని నవ్వారు. "దేవుడు చెవులిచ్చింది సగం విని లేచిపోడానికి కాదు" అని చెప్పి కూర్చుంది. మర్నాడే రాజమండ్రి బండెక్కింది.

అప్పటికే ఆలస్యమైంది. ఆపరేషనూ మందులూ కొంతకాలం ఇచ్చాయి. జుట్టంతా ఊడినా తలకి గుడ్డ కట్టుకుని సండే స్కూలుకి వచ్చేది. ఆ కాలం మాకు చాల్లేదు. ఎంత ఇచ్చినా చాలేది కాదేమో.

ఇప్పుడు అసలు మాట. నా చెల్లెలికి పిల్లల్లేరు. ఈమధ్యే ఆమెకీ ఫోటో తీసి, తెల్లది ఎక్కువగా ఉంది, స్కానింగు కూడా చేయించుకోమన్నారు. నిన్న అడిగితే, "పెద్దమ్మ జ్ఞాపకార్థ కూడిక అవనీ అన్నయ్యా, ఇంత పని పెట్టుకుని ఎలా వెళ్తాను?" అంది. వింటున్నారా? పెద్దమ్మ పేరు చెప్పి ఆలస్యం! కూడిక ఆగినా పరవాలేదని ఈ ఉదయం నేనే స్టేషనుకి తీసుకెళ్లి రాజమండ్రి బండి ఎక్కించాను. తోడు పెదనాన్న వెళ్లాడు. బండి కదిలింది. కిటికీ చువ్వల వెనక చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ చెయ్యి ఊపింది. పట్టాలు ఖాళీ అయినా నేను అక్కడే నిలబడ్డాను.

మీ ఇంటి ఆడమనిషి ఇంకా ఇంట్లోనే ఉంది. పిల్లలున్నా లేకపోయినా, డాక్టరు ఆమెకి చెప్పిన మాటల్లో మిగిలిపోయినది ఏదో అడగండి. పండగయ్యాక అనకండి, కూడికయ్యాక అనకండి. ఈ పత్రిక పక్కన పెట్టండి. లేవండి. ఇవాళే తీసుకెళ్లండి!