మొత్తం కార్జం అడిగిన ఆదివారం

ఒక ఇంగ్లిష్ మాట అర్థం చెప్పబోయి మటన్ దుకాణం ముందు తిట్లు తిన్న మాస్టారు మా కామారెడ్డిలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. బీఎడ్ పట్టా కొత్తగా చేతికొచ్చిన రోజులవి. నాకు రాని ఇంగ్లిష్ కూడా ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో చేరి, రోజూ బస్సులో నిలబడి వెళ్లి వచ్చేవాణ్ణి. నెల తిరిగేసరికి బడి నడిపే పెద్దసారు పిలిచి, "సోమవారం నీ క్లాసుల కూసుంట. నచ్చితే ఉంటవు, లేకుంటే వేరే బడి చూసుకో" అన్నాడు.

శనివారం ఏడో తరగతి పాఠంలో 'ప్లక్' అనే మాట వచ్చింది. ధైర్యం అని చెప్పి ముందుకు పోబోయాను. ముందు బెంచీలో ఒక అమ్మాయి ఉండేది, ఏం చెప్పినా "ఎట్ల సార్?" అనేది (స్టాఫ్ రూములో దాని పేరు ఎట్లమ్మ). "ప్లక్ అంటే పూలు తెంపుడని ఆరో తరగతిల చెప్పిండ్రు. ధైర్యం ఎట్లయితది సార్?" అంది. తెలియదని ఒక్క ముక్క అంటే పోయేది. "సోమవారం చెప్త" అన్నాను గంభీరంగా. ఇంటికొచ్చి ఫోనులో వెతికితే దొరికింది. కోసిన జంతువు లోపలి నుంచి గుండె, కార్జం, ఊపిరితిత్తులు కలిపి ఒక్కసారే లాగేస్తారు గనుక కసాయివాళ్లు వాటిని ప్లక్ అనేవారట. ధైర్యం ఉండేదీ అక్కడేనని నమ్మి ఆ పేరే దానికీ పెట్టేశారట. మనవాళ్లు గుండె ధైర్యం అంటారు, ఉర్దూలో కలేజా ఉండాలంటారు, అదే సంగతి. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఆ మూడూ విడదీయకుండా తెచ్చి పెద్దసారు ముందు బల్ల మీద పెడితే ఉద్యోగం ఖాయమని నా పాడు బుర్రకు తోచింది (ఫ్రిజ్‌లో పెట్టనివ్వడానికి అమ్మను ఎంత బతిమాలానో చెప్పను).

ఆదివారం పొద్దున్నే మటన్ దుకాణం లైనులో నిలబడ్డాను. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కిలో కొన్నా పావు కొన్నా ప్రతి పొట్లంలో ఒక కార్జం ముక్క పడాలి. పడకపోతే మాంసం తిరిగి బల్ల మీదికొస్తుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, ఆ రోజే గుర్తు రాలేదు.

"చాచా, గుండె, కార్జం, ఊపిరితిత్తులు కోయకుండ మొత్తం గట్లనే ఇయ్యి" అన్నాను.

చాచా కత్తి ఆపాడు. "మొత్తం నీకిస్తే వీళ్లకేమెయ్యాలె బేటా? నన్ను ఈడనే కోస్తరు."

"బడి పిల్లలకు చూపెట్టాలె చాచా. ధైర్యమంటే ఏందో చెప్పాలె."

నా వెనక ఉన్న అవ్వ సంచి చంకన పెట్టుకుని ముందుకొచ్చింది. "ధైర్యం చెప్పెతందుకు మంది కార్జం కావాల్నా నీకు? నా కోడలు బాలింత. దాని ముక్క బడికి పట్కపోతవా? పట్కపో, నేను గూడ చూస్త."

లైనంతా అవ్వ పక్షం చేరింది. పావుకిలో మటన్, నా వంతు ఒక్క ముక్క పట్టుకుని బయటపడ్డాను.

సోమవారం పెద్దసారు వెనక బెంచీలో కూర్చున్నాడు. బోర్డు మీద బొమ్మ వేసి మాట పుట్టుకంతా చెప్పాను. అక్కడ ఆగకుండా, "నిజందే తెద్దామనుకున్న, దొరకలే" అని గొప్పకు పోయాను.

"మటన్ దుకాణంల ఎట్ల దొరకది సార్?" అంది ఎట్లమ్మ.

"ఒక అవ్వ తీసుకోనియ్యలే."

"ఒక్క అవ్వ వద్దంటే ఎట్ల ఇడిసిపెట్టిండ్రు సార్?"

ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం ఎలాగూ పోయిందనుకుని, లైను, చాచా కత్తి, అవ్వ మాటలు అన్నీ చెప్పేశాను. "భయపడ్డ. ప్లక్ అంటే గా అవ్వకు ఉన్నది, నాకు లేనిది. రాసుకోండ్రి" అన్నాను. పిల్లలు నిజంగానే రాసుకున్నారు. పెద్దసారు లేచి, నవ్వు ఆపుకుంటూ, "రేపు గూడ రా" అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు పిల్లలు తెలియనిది అడిగితే తెలియదనే చెబుతున్నాను, పెద్ద కష్టమేం కాదు. మటన్ దుకాణంలో మాత్రం నాకింకా ధైర్యం రాలేదు. చాచా నా పొట్లంలో కార్జం ముక్క వేయడం మరిచిపోయినా, అడిగే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.