నాలుక మడత పాఠం

ఒక సంసారం కూలడానికి పెద్ద కుట్రలేమీ అక్కర్లేదు. పదో తరగతి జీవశాస్త్రం, అప్పుడే ట్రైనింగు అయిన ఒక టీచరు ఉంటే చాలు. ఆ టీచరును నేనే. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వు కంటే ముందు ఆవలింత వస్తుంది. కొన్ని తప్పులు మనిషిని అంతగా అలసగొడతాయి.

రెండువేల తర్వాత తొలి సంవత్సరాలవి. మాది గద్వాల, మగ్గాల ఇల్లు. ఉద్యోగం పెబ్బేరు దగ్గరి ఊళ్ళో, సర్కారు హైస్కూల్లో. పొద్దున బస్సులో నిలబడి వస్తే సగం ప్రాణం కృష్ణ వంతెన దాటేలోపే పోయేది. మిగిలిన సగం పదో తరగతి తీసుకునేది. ఆ సంవత్సరమే వనపర్తిలో మాకు ట్రైనింగు పెట్టారు. "పాఠం చెప్పకండి, చేయించండి" అన్నారు. అరటిపండు పిసికి, ఉప్పూ సబ్బునీళ్ళూ కలిపి వడగట్టి, పైన చల్లటి స్పిరిటు పోస్తే డి.ఎన్.ఎ. తెల్లటి పోగుల్లా తేలింది. పోగు కనిపిస్తే మా ఇంట్లో ఎవరూ ఆగరు. నేనూ ఆగలేదు.

బడికి వచ్చి పిల్లల్ని అరటిపండ్లు తెమ్మంటే తొక్కలు తెచ్చారు.

"పండ్లేవిరా?"

"తొవ్వల ఆకలైంది మేడం."

తొక్కలోనూ డి.ఎన్.ఎ. ఉంటుంది గానీ, నాలో ఓపిక లేదు. పైసా ఖర్చు కాకూడదు, దారిలో తినేయడానికి వీలుండకూడదు. అలాంటి వస్తువు కోసం వెతికి వెతికి నాలుక మీద పడ్డాను.

నాలుక రెండు అంచులూ పైకి మడిచి గొట్టంలా చేయడం కొందరికే వస్తుంది. (మీరిప్పుడు అద్దం వైపు నడుస్తున్నారని నాకు తెలుసు. ఆగండి, ముందు నా గతి వినండి.) అది తల్లిదండ్రుల నుంచి వచ్చే లక్షణమని ట్రైనింగులో చెప్పారు. నేను దాన్ని బోర్డు మీద శాసనంలా రాశాను: అమ్మానాన్నల్లో ఒక్కరికైనా మడత పడితేనే పిల్లలకు పడుతుంది. ఇంటికి పోయి అందరి నాలుకలూ చూసి రమ్మన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నేను ఒక్క సాయంత్రంలో ఊళ్ళో నోళ్ళన్నీ తెరిపించాను.

మర్నాడు శిరీష అనే పిల్ల లేచింది.

"మేడం, మా అమ్మకు మడ్త పడదు, నాయనకు పడదు. నాకు పడ్తది."

నాలుకను గొట్టంలా మడిచి చూపించింది కూడా. తెలివిగల టీచరైతే అక్కడ గంట కొట్టించేది. నేను మాత్రం బోర్డు వైపు చూపించి, "అట్ల కుదరదమ్మా. సరిగ్గ చూసి ఉండవు. మళ్ళొకసారి అడిగి రా" అన్నాను.

ఆ పిల్ల బుద్ధిగా మళ్ళీ అడిగింది. ఎందుకు అడుగుతున్నదో, మేడం ఏం రాసిందో కూడా విడమరిచి చెప్పింది. వాళ్ళ నాయనమ్మ చెన్నమ్మ అక్కడే కూర్చుని ఉంది. కోడలి మీద ఒక మాట దొరక్కపోతుందా అని ఆమె ఏళ్ళుగా కాచుకుని ఉందట. నేను మాట కాదు, ఏకంగా శాస్త్రమే ఇచ్చాను.

తెల్లారి ప్రార్థన కాకముందే బడి ముందు ఆటో ఆగింది. ముందు చెన్నమ్మ దిగింది. వెనక ఆమె కొడుకు బాలస్వామి, ఎడ్ల బేరగాడు. చివర కోడలు పద్మమ్మ, చేతిలో బట్టల మూటతో. కొల్లాపూర్‌లోని తల్లిగారింటికి పోవడానికి తయారై వచ్చింది.

హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు. రిటైర్మెంటు దగ్గరపడి, గాలి గట్టిగా వీచినా భయపడే మనిషి.

"క్లాసుల ఏం చెప్పిన్రు మేడం?"

"అనువంశికత సార్."

"పాఠంల నాలుక ఉన్నదా?"

"లేదు సార్. ట్రైనింగుల చెప్పిన్రు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నన్ను సప్పుడు కాకుండ పోనియ్యరు గద మీరు" అన్నారు.

చెన్నమ్మ నా మీదికి వచ్చింది. "ఏమమ్మా పంతులమ్మ, నా కొడుక్కు మడ్త పడదు, కోడలికి పడదు. మరి ఈ పోరికి ఏడికెల్లి వచ్చింది? నువ్వే రాసినవంట గద!"

"శాన తిప్పలు పడ్డ మేడం," అన్నాడు బాలస్వామి నీరసంగా. "నాలుక వాసింది గని మడ్త పడలే." పెబ్బేరు సంతలో ఎడ్ల నోళ్ళు తెరిచి పళ్ళు చూసి వయసు కట్టే మనిషి, తనే ఎద్దులా నోరు తెరిచి నా ముందు నిలబడ్డాడు.

పద్మమ్మ అరవలేదు. "నాకు సదువు రాదు మేడం. గని నేను తప్పు చెయ్యలే. మీరు రాసిందే నిజమైతే, నన్నేం చెయ్యమంటరో గదన్న చెప్పున్రి" అంది.

సర్దిచెబుదామని నోరు తెరిచాను. "అట్ల కాదు పెద్దమ్మా, అప్పుడప్పుడు ఉత్పరివర్తనం అని ఒక మార్పు జరుగుతది..."

"విన్నరా! ఏదో జరిగిందంటుంది పంతులమ్మ!"

నా శాస్త్రజ్ఞానంతో ఆర్పబోయిన ప్రతి మంటా ఇంకో గడ్డివామికి అంటుకుంటోంది.

చెన్నమ్మ ఇప్పుడు హెడ్మాస్టరు వైపు తిరిగింది. "బడికి పంపితే అక్షరాలు నేర్పాలె గని, నాలుకలు తీపిచ్చుడేంది సారు? ఈ పోరి పొద్దుమూకులు అద్దం ముంగట నిలవడి గిట్ల... గిట్ల..." అంటూ మనవరాలిని వెక్కిరిస్తూ నాలుక బయటపెట్టింది.

తమలపాకు చుట్టినట్టు, గుండ్రంగా, చక్కగా గొట్టం.

ఆఫీసు గది కిటికీలోంచి చూస్తున్న శిరీష కేక పెట్టింది. "అవ్వా! నీకు పడ్డది!"

"ఏం పడ్డది?"

"మడ్త!"

చెన్నమ్మ నాలుకను పెట్టెలో పెట్టి మూత వేసినట్టు పెదాలు బిగించింది. "నాకేం పడలే."

పద్మమ్మ మూటను మెల్లగా నేల మీద పెట్టింది. రెండు చేతులూ నడుముకు ఆనించింది. "అత్తా," అంది తీయగా, "జర మళ్ళొకసారి తియ్యి."

బాలస్వామి ముందు నవ్వాడు. ఆ తర్వాత గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆటో డ్రైవరు. చివరికి పద్మమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో నాకు తెలియలేదు. హెడ్మాస్టరు గారు బల్ల మీద చరిచి తీర్పు చెప్పారు. "నాయనమ్మ పోలిక. ఖతం. ఇగ పోన్రి."

నేను మళ్ళీ నోరు తెరిచాను. ఎందుకంటే నా శాసనం ప్రకారం ఇది ఇంకా కుదరలేదు. నాయనమ్మకు ఉండి కొడుక్కు లేనిది మనవరాలికి ఎలా దిగుతుంది? "సార్, నిజానికి..."

"మేడం," అన్నారాయన చాలా అలసిన గొంతుతో, "నాలుక లోపల పెట్టున్రి."

పెట్టాను. చాలా ఏళ్ళకు ఒక పుస్తకంలో చదివాను, అసలు ఆ సూత్రమే తప్పట. నాలుక మడత అంత సులువుగా లెక్కకు దొరకదట. అచ్చు ఒకేలా ఉండే కవలల్లో కూడా ఒకరికి పడి ఒకరికి పడకపోవచ్చట. అంటే నేను నిలబెట్టబోయిన శాస్త్రం కంటే ఆ ముసలమ్మ వెక్కిరింపే నిజానికి దగ్గరగా ఉందన్నమాట.

అందుకే చాక్‌పీసు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. బతికున్నంత కాలం మనుషుల నాలుకల జోలికి పోను. అనువంశికత చెప్పాల్సి వస్తే బఠాణీలతోనే చెబుతాను. బఠాణీలకు అత్తలుండరు. ఒకవేళ ఉన్నా, ఆటో మాట్లాడుకుని బడికి రారు.